తీపి నిలవని నాలుక

మా అక్క మీద పగ తీర్చుకోవడానికి నాకు నలభై ఆరేళ్ళు పట్టింది. అక్క అంటే తోడబుట్టినది కాదు, మా బావగారి భార్య. ఆ ఇంటికి ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ఇద్దరం బతికే ఉన్నాం. ఆమె ఎల్లారెడ్డి దాటాక వచ్చే మా ఊళ్ళో ఉంటుంది, నేను కామారెడ్డిలో కొడుకు దగ్గర ఉంటాను. నేను మూడో తరగతి దాకానే బడికి పోయాను కాబట్టి ఈ రాతలో వంకరలుంటాయి. విషయంలో వంకర లేదు. చేసింది చేసినట్టే రాస్తున్నాను. బాగా చేశావని కొందరంటారు, పాపం చేశావని కొందరంటారు. నేను ఎవరినీ అడగడం లేదు.

ముందు మా ఇంటి ఆచారం చెప్పాలి. ఆషాఢంలో పోచమ్మకు ఎవరి బోనం వాళ్ళు ఎత్తుతారు, అది అన్ని ఊళ్ళలో ఉన్నదే. మా పాలోళ్ళకు, అంటే ఒకే ఇంటిపేరున్న పదకొండు ఇండ్లకు, అన్నిటికంటే ముందు నడిచే బోనం ఇంకొకటి ఉంది. దాన్ని మొదటి బోనం అంటాం. ఏడాదికొక ఇంటి వంతు. ఆ ఇంట్లో కోడలో, ఎదిగిన ఆడపిల్లో కొత్త కుండలో పాలు, బియ్యం, బెల్లం వేసి ఒక్కతే కూర్చొని వండాలి. పక్కన ఎవరూ చెయ్యి వేయకూడదు. పాలు పొంగి అన్నం మెత్తగా దిగితే ఆ పిల్ల చెయ్యిని తల్లి పట్టింది అంటారు. పట్టిన చేతితో మొదటి విత్తనం వేయిస్తారు, మామిడికాయ తొక్కు కలిపిస్తారు, పసిపిల్లలకు మొదటి ముద్ద పెట్టిస్తారు. పట్టకపోతే ఇవేవీ ఉండవు. బతికినంత కాలం ఉండవు.

నా వంతు వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బోనం వండడానికి తుమ్మ మొద్దులు తెప్పించడం వాడుక. మొద్దులంటే కొనాలి. మా పెరట్లో కంది కట్టె గోడెత్తు పడి ఉంది. ఉన్న కట్టెను ఉంచుకొని కొనే కట్టె ఎందుకని కంది కట్టెతోనే పొయ్యి రాజేశాను. కంది కట్టె గుప్పున మండుతుంది, గుప్పున ఆరుతుంది. నీళ్ళు కాగడానికి మంచిది. పాలన్నానికి కావలసింది మొద్దు సెగ. అన్నం అడుగున అంటుకుంది, మాడు వాసన వాకిట్లోకి పోయింది.

అక్క వాకిట్లో కూర్చొని వేపమండలు కడుతోంది. లేచి వచ్చి మూత తీసి చూసింది.

“కంది కట్టె అక్కా, మంట మీరింది” అన్నాను.

“మంట ఎవలకు మీరలే? నాకు మీరలే, అత్తకు మీరలే. నీకే ఎందుకు మీరింది?” అంది.

అప్పటికి అంతే. నాలుగో రోజు, పక్కనే వేరే కాపురమున్న అక్క వాళ్ళ ఎద్దు చచ్చింది. పచ్చజొన్న పిలకలు మేస్తే ఎద్దులు చస్తాయని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కట్టు తెంచుకొని అది పొరుగువాళ్ళ జొన్నచేలో పడింది. మా బావే చూశాడు, మా బావే చెప్పాడు.

“జొన్న పిలక తిన్నదే, ఇంకేముంది” అన్నాడు.

“జొన్న పిలక ఎన్ని ఎడ్లు తినలే? ఇదే ఎందుకు సావాలె? ఈ వారమే ఎందుకు సావాలె?” అంది అక్క.

దానికి బావ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఎట్లా చచ్చింది అంటే చెప్పగలం. ఇదే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అంటే ఎవరు చెప్పగలరు. మనిషి మనసు ఆ ఖాళీని ఖాళీగా ఉంచుకోలేదు, అందులో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలి. నన్ను కూర్చోబెట్టారు. తల్లి నా చెయ్యి పట్టలేదని, ఆ కోపం ఇంటి మీద చూపిందని సాయంత్రానికల్లా పదకొండు ఇండ్లకూ తెలిసింది.

రెండేళ్ళ తర్వాత మాచారెడ్డిలో ఒక పెళ్ళికి పోయాను. బంతిలో పక్కన కూర్చున్న ముసలామె ఎవరో నాకు తెలియదు, ఆమెకు నేను తెలియదు. విస్తరి ముందు పెట్టుకొని ఆమె నాకు నా కథే చెప్పింది. ఎల్లారెడ్డి దిక్కు ఒక కోడలు బోనం వండితే కుండ నిలువునా పగిలిందట. నల్లటి పొగ లేచి ఆడమనిషి ఆకారం కట్టి, ఇంటికి వీపు చూపించి పోయిందట. తెల్లారి కొట్టంలో ఎడ్లన్నీ పడి ఉన్నాయట.

“కట్టె ఏం కట్టె?” అని అడిగాను.

“ఏం కట్టె ఏంది?” అంది ఆమె. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

కంది కట్టె ఆ కథలో లేదు. జొన్న పిలక లేదు. జరిగినవన్నీ దారిలో రాలిపోయాయి. వీపు చూపించిన పొగ ఒకటి ఎక్కడినుంచో వచ్చి చేరింది, అది మాత్రం రాలిపోలేదు. నేనైనా సరే, ఆ విస్తరి దగ్గర విన్నప్పటినుంచి మాడిన అన్నం తలచుకుంటే ఆ పొగే ముందు కనిపిస్తుంది. నేను చూడలేదని నాకు తెలుసు. అయినా కనిపిస్తుంది.

తర్వాత ఏళ్ళు ఎట్లా గడిచాయో పెద్దగా చెప్పను. ఒకటి రెండు చెప్తాను. మా ఇంటి పెరుగు గట్టిగా తోడుకుంటుంది, చుట్టుపక్కల వాళ్ళు తోడుకు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. మానేశారు. పక్కింటామె ఒకతే తీసుకుపోయేది. ఏడాదిలో మూడు వందల రోజులు ఆమె పాలు తోడుకునేవి. ఒక ఉడుకపోత రోజు విరిగాయి. ఆ ఒక్క రోజు ఊరంతా తిరిగింది. మూడు వందల రోజులు ఆమెకే గుర్తు లేవు. మా ఆయన నేను ఇచ్చిన విత్తనం వేస్తే చేను బాగా వచ్చింది, అది ఆయన అదృష్టం. వానలు ఆలస్యమై మొలక రాకపోతే అది నా చెయ్యి.

“ఊరి నోరు ముయ్యగలుగుతమా, పోనియ్యవే” అనేవాడు ఆయన. పోనిచ్చే మనిషి, అట్లాగే పోయాడు.

నా కొడుకు పుట్టినప్పుడు నేను వాణ్ణి ఎత్తుకునే ముందు చేతులు పసుపునీళ్ళతో కడుక్కునేదాన్ని. ఎవరూ చెప్పలేదు. నేనే. జ్వరం వస్తే నుదుటి మీద అరచెయ్యి పెట్టేదాన్ని కాదు, చెయ్యి తిరగేసి వెనక వైపు ఆనించి చూసేదాన్ని. ఎందుకు మాడిందో ఈ భూమ్మీద అందరికంటే నాకే బాగా తెలుసు, కట్టె పెట్టింది నేను. అయినా నా బిడ్డను ముట్టుకోవడానికి నేనే జంకాను. ఊరు నమ్మితే నమ్మింది. నా చేత కూడా నమ్మించింది చూడండి, అందుకు అక్కను వదలనని అనుకున్నాను. నలభై ఆరేళ్ళు ఆ ఇంట్లో నేను మంచినీళ్ళు ముట్టలేదు. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా సీసాలో నీళ్ళు పోసుకొని పోయాను.

అయినా అది నా దగ్గరే ఆగిపోయి ఉంటే నేనూ ఆగిపోయేదాన్నేమో. ఆగలేదు.

మధ్యలో మూడుసార్లు మా వంతు వస్తే మమ్మల్ని అడగకుండానే పక్కింటికి దాటించారు. రెండేళ్ళ కింద మళ్ళీ వచ్చింది. నా మనవరాలికి పంతొమ్మిది, కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. తానే వండుతానని ఉత్సాహపడి వారం ముందే ఊరికి పోయింది. మూడో రోజు తిరిగి వచ్చింది. వంతు వేరే ఇంటికి ఇచ్చారు. పెద్ద ఆడవాళ్ళంతా కూర్చున్నప్పుడు అక్క నా మనవరాలి చేతులు పట్టుకొని అందరికీ చూపించిందట: “బాపమ్మ పోలిక. జూడుండ్రి, గవే ఏళ్ళు.” నా వేళ్ళు పొడుగు, దాని వేళ్ళూ పొడుగే. ఇంకేం కావాలి.

“బాపమ్మా, నా చెయ్యి గూడ గట్లనేనా?” అని అడిగింది.

“సదువుకున్నదానివి. నువ్వు నమ్ముతున్నవా?”

“నమ్ముతలేను. కని...”

ఆ సాయంత్రం పాలు తోడు పెట్టమంటే వాళ్ళ అమ్మను పెట్టమంది. ఆ తర్వాతి రోజూ అంతే. నేను పొయ్యి దగ్గర నిలబడి చూశాను. నా మీద మొదలైనది మాటల్లో వచ్చింది. దీని మీదికి మాట కూడా అక్కర లేకుండా వచ్చేసింది. రేపు అదొక ఇంటికి పోతుంది, దానికొక బిడ్డ పుడుతుంది, ఆ బిడ్డకు జ్వరం వస్తుంది. అది చెయ్యి తిరగేసి నుదుటి మీద పెట్టకూడదు. నాకు కావలసింది అంతే. ఎట్లా అయినా సరే.

మొదట నిజంతో కొడదామనుకున్నాను. పోయిన ఏడు అక్క వాళ్ళ ఇంటి వంతు. వండవలసింది అక్క కోడలు. ఆమెకు అదే రోజు నాట్లు, ఇరవై మంది కూలీలకు వంట. ఫోన్ చేస్తే ఏడుపు గొంతుతో మాట్లాడింది. నేను వండి పెడతానన్నాను.

“నువ్వా, చిన్నత్తమ్మా?” అంది. “మా అత్తకు తెల్వనియ్యకు” అంది. నమ్మకం ఎంత గట్టిదైనా ఇరవై మంది కూలీల ముందు కొంచెం వంగుతుంది.

తెల్లవారుతూనే పోయి వాళ్ళ వెనక కొట్టంలో వండాను. తుమ్మ మొద్దు నేనే కొన్నాను, అది గుర్తు పెట్టుకోండి. పాలు ఎట్లా పొంగాలో అట్లా పొంగాయి. ఆ కోడలే తల మీద ఎత్తుకొని పోయింది, తల్లికి ఎక్కించారు, అందరికీ పంచారు. అక్కకు చక్కెర బీమారి. ఎన్నో ఏళ్ళుగా చాయ్ కూడా చక్కెర లేకుండానే తాగుతుంది. అయినా ప్రసాదం కాబట్టి చిటికెడు కళ్ళకద్దుకొని నోట్లో వేసుకుంది.

“గిట్ల వండాలె బోనం. ఇదీ చెయ్యి అంటే” అంది.

“ఆ చెయ్యి నాది” అన్నాను.

ఒక్క క్షణం అందరి చేతులూ ఆగిపోయాయి. ఎందుకు అబద్ధం, ఆ క్షణం కోసం మళ్ళీ నలభై ఐదేళ్ళు ఆగమన్నా ఆగుతాను. కోడలి ముఖం చూడగానే నిజమని అందరికీ తెలిసిపోయింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

ముందు పాలోళ్ళలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “తెల్వక తింటే దోషం లేదు” అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత అక్క నిదానంగా లేచి నిలబడింది.

“రాత్రి తల్లి నా కలలకు వచ్చింది. ‘పరాయి చెయ్యి అయితే అయింది, నీ మొకం జూసి ఈసారికి పట్టుకుంట’ అన్నది. ఎవ్వలకు చెప్పొద్దనుకున్న. ఇప్పుడు అర్థమైంది ఎందుకన్నదో.”

జనం ఆమెకు దండం పెట్టారు. నాకు కాదు, ఆమెకు. అన్నం నేను వండాను, మహిమ ఆమెది అయింది. ఆ వారంలో ముగ్గురికి కడుపులు చెడ్డాయి. వానాకాలం, ఎక్కడి నీళ్ళో తాగి ఏ పండుగకైనా ముగ్గురికి కడుపులు చెడతాయి. ఆ ముగ్గురినీ తెచ్చి నా పేరు పక్కన కట్టారు. పోయేటప్పుడు ఉన్నదానికంటే వచ్చేటప్పుడు ఎక్కువ మూటగట్టుకొని వచ్చాను.

బస్సులో కూర్చొని ఆలోచించాను. నాకు కోపం వస్తే మాట రాదు, లెక్కలు బాగా వస్తాయి. నిజానికి వాళ్ళు అబద్ధాలకోరులు కాదు. అక్క కూడా ఆ కల నిజంగానే వచ్చిందని నమ్ముతుంది, ఆ పూట నోటికి వచ్చిందే ఆమెకు రాత్రి వచ్చినట్టు తోచి ఉంటుంది. మాడిందానికి ఎవరో ఒకరు కావాలని మొదట అడిగారు, నేను కట్టె చూపించాను. కట్టెకు ముఖం లేదు. ఎవరో కావాలంటే ఎవరినో ఇవ్వాలి. కట్టెను ఇచ్చి తప్పు చేశాను.

అప్పుడు నా కథనే మళ్ళీ మళ్ళీ నెమరు వేసుకున్నాను. మంచి పులుసు తిన్నప్పుడు ఏమేమి వేశారో నాలుకతో వెతుకుతాం చూడండి, అట్లా. ఆ కథ ఇన్నేళ్ళు ఎందుకు చెడకుండా ఉంది? అందులో తప్పు చేసిన మనిషి ఉంది. మిగతావన్నీ మామూలుగా ఉండి ఒక్కటే వింత ఉంది, ఆ పొగ. పది వింతలుంటే ఎవరూ నమ్మరు, ఒక్కటీ లేకపోతే ఎవరూ చెప్పుకోరు. ఇంకా, విన్నవాళ్ళు వెంటనే పోయి చూసుకోగలిగే గుర్తు ఒకటి ఉంది: నేను, నా చెయ్యి. ఇవన్నీ ఉన్న ఇంకో కథ కావాలి, మనిషి మాత్రం మారాలి.

దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు కదా. ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని అందరూ తిరుగుతున్నారు, నేనూ తిరుగుతాను. కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కితే పక్కన రామారెడ్డి ఆమె కూర్చుంది. ఆమె బిడ్డను మా పాలోళ్ళలోనే ఇచ్చారు, నెలకు రెండుసార్లు బిడ్డను చూడడానికి పోతుంది. ఆమె కడుపులో పూటకు మించి మాట నిలవదు. నేను వెతికిందే అట్లాంటి మనిషిని.

“మీ మనుమరాలి వంతు దాటేసిన్రట గద. పాపం పిల్ల” అంది.

“ఏం జేస్తం. ఎవలో జేసిన తప్పు మేం మోస్తున్నం.”

“ఎవలు? ఏం తప్పు?”

“వద్దులే వదినె. ఆమె పెద్దది. ఇన్నేండ్లు చెప్పలే, ఇప్పుడెందుకు.”

“నా కడుపుల వెట్టుకుంట. ఎవ్వలకన్న చెప్తనా నేను?”

“పోచమ్మ మీద ఒట్టేస్తెనే చెప్త.”

వేసింది. ఒట్టు వేయించిన మాటకు కాళ్ళు ఎక్కువ. అప్పుడు చెప్పాను. ఆనాడు నేను నీళ్ళకు పోయినప్పుడు అక్క వచ్చి బోనం కుండలో వేలు పెట్టి నాకిందని. ఎంగిలి చేసిన బోనం తల్లి ముట్టలేదని, అందుకే మాడిందని. ఆ తప్పుకు ఆ రోజునుంచి ఆమె నాలుక మీద తీపి నిలవడం లేదని.

“అమ్మో” అని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు ఎక్కడికో పోయాయి, నేను చూస్తూనే ఉన్నాను. “గందుకేనా చాయల చక్కెర ఏసుకోదు?”

“నాకు తెల్వది” అన్నాను.

ఊరంతా చూసింది ఆమె చక్కెర లేని చాయ్. ఆమె డబ్బాలో చక్కెర బీమారి గోలీలున్నాయని కూడా ఊరంతటికీ తెలుసు. గోలీలు ఎవరికి కావాలి.

సరిగ్గా నలభై రోజులకు పిట్లంనుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది.

“వదినె, ఇన్నవా ముచ్చట?”

“ఏం ముచ్చట?”

“నీకు ముందే ఎరుక ఉంటది. నువ్వు కడుపుల దాసుకుంటవ్, నీ అసుంటిది ఉండది. పెద్దొదినె ఆనాడు బోనంల ఏలు వెట్టి నాకిందట గద.”

“నీకెవలు చెప్పిన్రు?”

“ఎవలు చెప్పుడేంది, ఈ దిక్కు అందరికి తెల్సు. ఎవలో ఫోన్ల గూడ మాట్లాడి వెట్టిన్రు, మా కోడలు ఇనవెట్టింది. ఆ రాత్రే తల్లి వచ్చి పెద్దొదినె నాలుక మీద బొటనేలు వెట్టి ఒత్తిందట. అప్పటిసంది తీపి తెల్వది.”

బొటనవేలు నేను పెట్టలేదు. దారిలో ఎవరో పెట్టారు. బాగానే పెట్టారు.

“నేను చిన్నప్పుడే అనుకున్న, పెద్దొదినె మొకంల ఏదో ఉన్నదని” అంది మా ఆడబిడ్డ. ఆమె నా చేతి నీళ్ళు తాగడానికి నలభై ఏళ్ళు వెనకాడిన మనిషి. ఫోన్ పెట్టేసి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తర్వాత సంగతులు ఒకటొకటిగా వచ్చాయి. ఎవరింటి పసిపిల్లకో మొదటి ముద్ద పెట్టడానికి అక్కను పిలవలేదు. తొక్కు కలిపేటప్పుడు ఆమె వస్తుంటే గంప మీద గుడ్డ కప్పారు. అక్క కొడుకు బోరు వేస్తే నీళ్ళు పడలేదు. వేసిన నాలుగు బోర్లలో మూడు పడవు మా దిక్కున. అయినా దానికి కారణం దొరికింది. నాకు జాలి కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. కలగలేదు. ఆమె ఎన్ని రోజులు ఓర్చుకుంటుందో చూద్దామనుకున్నాను. నేను ఓర్చుకున్నాను కదా.

ఈ ఏడు జ్యేష్ఠం చివర ఒక పొద్దున అక్క కామారెడ్డికి వచ్చింది. ఒక్కతే. నలభై ఆరేళ్ళలో నా గడప తొక్కడం అదే మొదలు. చిక్కిపోయింది. కూర్చోమన్నాను, కూర్చుంది. చక్కెర లేకుండా చాయ్ పెట్టి ఇచ్చాను.

“చక్కెర ఏసి ఇయ్యే చెల్లె.”

“నీకు పడదు గద.”

“ఎయ్యి.”

రెండు చెంచాలు వేశాను. తాగింది. గ్లాసు కింద పెట్టి నన్ను చూసింది. “ఏం తెలుస్తలేదే. నీళ్ళు తాగినట్టే ఉన్నది.”

గ్లాసు తీసి పక్కన పెట్టాను.

“నేను నాకిననే చెల్లె.”

“ఏంది?”

“బోనం. ఆనాడు. ఊకె యాదికొస్తున్నది. ముందు అందరు అంటుంటె, నేనెందుకు నాకుత అనుకున్న. పండుకుంటె నిద్ర వస్తలేదు. ఒక్కొక్కటే యాదికొచ్చింది. ఈ ఏలు వెట్టిన. ఉడుకుడుకు అన్నం అంటుకొని ఏలు కాలింది గూడ. కొంగుకు తుడుసుకున్న. ఆకుపచ్చ చీర.”

చూపుడు వేలు చాపి చూపించింది. ఆ వేలి మీద ఏ మచ్చా లేదు. ఆ రోజు నేను పొయ్యి దగ్గరనుంచి కదలనే లేదు, నీళ్ళకు పోయానన్నది నేను అల్లిన ముక్క. మాడు వాసన వచ్చేదాకా ఆమె వాకిలి దాటి లోపలికి రాలేదు. ఆ రోజు ఆమె కట్టుకున్నది ఎర్ర చీర, కొత్తది. నేను అల్లిన దానికి ఆమె తన తలలోనుంచే చీర తెచ్చి, రంగు తెచ్చి, కాలిన నొప్పి తెచ్చి కప్పింది. నాకు ఆ పొగ కనిపించినట్టే.

“ఈసారి పోచమ్మ కాడ అందరి ముంగట ఒప్పుకుంట. మీ వంతు ఇప్పిచ్చి నీ మనుమరాలితోనే వండిపిద్దాం. ఆ పిల్లది ఏం తప్పు లేదు. నీది గూడ లేకుండె” అంది.

నాకు కావలసింది నా ముందు కూర్చొని తానే చేతిలో పెడుతోంది. తీసుకుంటే సరిపోయేది. కానీ నాకు నచ్చలేదు. ఆమె తనను పోచమ్మ కొట్టిందనుకుంటోంది. కొట్టింది నేను. నలభై ఆరేళ్ళు నేను దాచుకున్నది తల్లి ఖాతాలోకి పోతోంది. నన్ను ఎవరు ముంచారో నాకు తెలుసు, తనను ఎవరు ముంచారో ఆమెకూ తెలియాలి. లేకపోతే అది పగ ఎట్లా అవుతుంది?

“అక్కా, ఇను. నువ్వు నాకలే. ఆ ముచ్చట నేను పుట్టిచ్చిన. బస్సుల కూసొని రామారెడ్డామెకు చెప్పిన. నీ బతుకు నా బతుకు లెక్క గావాలెనని చెప్పిన.”

ఆమె ముఖం మారుతుందని చూస్తున్నాను. మారింది. నేననుకున్నట్టు కాదు. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. నా చెయ్యి అందుకొని రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

“నీది ఎంత పెద్ద మనసే చెల్లె. నేను నీకు గంత అన్యాలం జేస్తె, నన్ను ఓదార్చనీకి తప్పు నీ మీద ఏసుకుంటున్నవా.”

“ఓదారుస్తలేను. కోపంతోని చెప్తున్న.”

“ఉంటది కోపం. ఎందుకుండది.”

“నువ్వు ఆ రోజు ఎర్ర చీర కట్టినవ్. నేను పొయ్యి కాడినుంచి లేవనే లే.”

“నీకేం యాది ఉంటది, నువ్వు అన్నం మాడిందని ఏడుస్తుంటివి.”

“నీది చక్కెర బీమారి. గోలీలు మింగుతున్నవ్.”

“బీమారి ఎందరికి లేదు? వాళ్ళందరికి తీపి తెలుస్తలేదా? నాకే ఎందుకు పోవాలె?” అంది. “నువ్వే చెప్పినవనుకో. నీ నోట పలికిచ్చింది ఎవలు? తల్లి గాదా?”

ఎద్దు చచ్చిన రోజు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు లేక ఎట్లా నిలబడ్డానో, నా ఇంట్లో నా ముందే మళ్ళీ అట్లా కూర్చున్నాను. ఇంకా చెప్పి ఉండవచ్చు. ఊరికి పోయి పదిమందిని పిలిచి, రామారెడ్డి ఆమెను ఎదురుగా నిలబెట్టి చెప్పి ఉండవచ్చు. అప్పుడు అక్క బయటపడేది. ఆ మచ్చ మళ్ళీ వెతుక్కుంటూ వచ్చేది, పొడుగు వేళ్ళున్న పిల్ల దగ్గరికి. లోపల గదిలో నా మనవరాలు ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతోంది.

“బస్సుకు ఆలస్యమైతది, లే అక్కా” అన్నాను. బస్టాండు దాకా పోయి ఎక్కించి వచ్చాను.

ఆషాఢంలో ఆమె అన్నట్టే చేసింది. పోచమ్మ ముందు పదకొండు ఇండ్ల వాళ్ళు నిలబడి ఉండగా వేలు చాపి చూపించి ఒప్పుకుంది. ఆకుపచ్చ చీర కూడా చెప్పింది. జనం అయ్యో అన్నారు. ముసలివాళ్ళు కొందరు తామూ ఆ రోజు ఆమెను కుండ దగ్గర చూసినట్టు గుర్తుందన్నారు. నా మనవరాలు కొట్టంలో ఒక్కతే కూర్చొని వండింది. తల్లి చెయ్యి పట్టిందన్నారు. ఆడవాళ్ళు దాని పొడుగు వేళ్ళు పట్టుకొని చూసి, లక్షణమైన వేళ్ళు అన్నారు. అవే ఆడవాళ్ళు.

బోనం ఎత్తుకొని నడిచింది. పైన చిన్న మట్టి గురిగిలో దీపం. డప్పులు ముందు, పిల్ల వెనక, దాని వెనక నేను. మలుపు దగ్గర ఈదురు గాలి ఒకటి వచ్చింది, దీపం ఆరిపోయింది.

డప్పులు ఆగిపోయాయి. మొదటి బోనం మీద దీపం ఆరడమంటే మా వాళ్ళకు చిన్న మాట కాదు. నేను ముందుగా చూసింది జనం కళ్ళను. అవి ఎటు తిరుగుతాయోనని చూశాను.

అన్నీ అక్క వైపు తిరిగాయి. పిల్ల వైపు ఒక్క జత కూడా తిరగలేదు. అక్క ఆ చూపులకు తానే వరుసలోనుంచి తప్పుకొని గోడ పక్కకు పోయి నిలబడింది, తన నీడ దారి మీద పడకుండా.

“బాపమ్మా, ఆరింది. నా వల్లనా?” అంది మనవరాలు, మెడ కదిలించకుండా.

“గాలి వల్ల” అన్నాను. ఈ సారి అది నమ్మింది.

అగ్గిపెట్టె తీసి దీపం వెలిగించాను. గోడ పక్కనుంచి అక్క నాకు చేతులు జోడించింది.

“నడువు” అన్నాను మనవరాలితో. డప్పులు మొదలయ్యాయి.